ఇంకొక్క ఆధారం

కాఫీ చల్లారిపోతోందని రెండుసార్లు పిలిచినా గిరిప్రసాద్ గారు కుర్చీలోంచి కదలలేదు. కుర్చీ చేతికి నల్లదారం చుట్టి ముడులు వేస్తున్నారు. ఇల్లు కట్టుకున్న నాటి నుంచీ ఆయన ఉదయపు వ్యాయామం అదే. శస్త్రవైద్యుడి వేళ్లు ఒక్కరోజు పడుకుంటే వారం రోజులు బద్ధకిస్తాయని ఆయన సిద్ధాంతం. గ్లాసు అందిస్తూ కమలకుమారి ఆ దారాన్ని ఊరికే వేలితో లాగి చూసింది. ముడి జారి విడిపోయింది. ఆయన గమనించలేదు. ఆమె గమనించింది.

ఆమె ఉప్పల్‌లోని ప్రభుత్వ పాఠశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయింది. ఒక్క పరిశీలనతో నిర్ణయానికి రాకూడదని ఎన్ని తరగతులకు బోధించిందో లెక్కలేదు. కొన్నాళ్లుగా ఆ పాఠాన్ని తనకు తానే చెప్పుకుంటోంది. వేసవిలో ఒకనాడు ఆయన చిల్కానగర్‌లో ఇంటి నుంచి బయలుదేరి, నాచారంలోని తమ ఆసుపత్రికి బదులు కారులో వేరే దారిలో ఉన్న నారపల్లి దాకా వెళ్లిపోయారు. వంతెన పనుల వల్ల దారి మళ్లించారన్నారు. ఆ పనులు జరుగుతున్న మాట నిజమే. బంధువుల పెళ్లిలో సొంత బావమరిది పేరు నోటికి రాక తడబడితే, ఎదుటివాళ్లు కనిపెట్టక ముందే ఆమె అందించింది. దేనికదే విడదీసి చూస్తే అంతా వయసే. కలిపి చూడాలంటే ఇంకొక్క ఆధారం కావాలనుకుంది. ఇప్పుడు ముడి ఊడిందంటే, దారం నునుపుదై ఉంటుందనుకుంది.

పై అంతస్తులో కాపురముంటున్న కూతురు ధనశ్రీ సంచీ భుజాన వేసుకుని దిగి వచ్చింది.

"ఏమ్మా, పార్లమెంటుకు వేళయినట్టుంది?" అన్నారు గిరిప్రసాద్ గారు.

"అయింది నాన్నా. ప్రతిపక్ష నాయకులు కూడా ఒకసారి వస్తే బాగుంటుంది."

"ఊడ్చేవాళ్లు సర్జన్‌ను నిలదీసే చోట ఆపరేషన్లు ఎలా జరుగుతాయే?"

"నిలదీసే చోటే భద్రంగా జరుగుతాయి," అంది ధనశ్రీ, తండ్రి గ్లాసులోంచే ఒక గుక్క తాగి.

ఈ వేళాకోళం వెనుక చిన్న ముల్లు ఉంది. ఆసుపత్రి ఆయన నాటిన మొక్క. మందుల డాక్టరుగా మంచి పేరు తెచ్చుకుంటున్న కూతురు, రోగులను చూడడం సగానికి తగ్గించుకుని, దాని నిర్వహణను నెత్తికెత్తుకుంది. వచ్చీ రావడంతో ఒక పద్ధతి పెట్టింది. రోజూ ఉదయం అందరూ ఆసుపత్రి మెట్ల దగ్గర నిలబడి, ముందురోజు ఎక్కడ పొరపాటు జరిగిందో, ఎక్కడ జరగబోయిందో చెప్పాలి. చెప్పినవాళ్లను ఎవరూ దండించకూడదు. ఎవరు చెప్పారని ఆరా తీయకూడదు. ఒక డాక్టరు ఒకసారికి ఒక రోగినే కాపాడగలడు, భయపడకుండా నోరు విప్పగలిగిన ఆసుపత్రి కనిపించని రోగులను కూడా కాపాడుతుంది అని ఆమె నమ్మకం. డాక్టరీ చదివి మేనేజరీ చేస్తోందని తండ్రి బాధ.

వాళ్లిద్దరూ వెళ్లిన కాసేపటికి, రాత్రి డ్యూటీ దిగిన సిస్టర్ గ్రేసీ గుమ్మంలో నిలబడింది. థియేటర్ పని ఆమెకు వేలు పట్టుకుని నేర్పింది గిరిప్రసాద్ గారే. చాలాసేపు పిల్లల చదువుల గురించీ, మోకాళ్ల నొప్పుల గురించీ మాట్లాడింది. ఇచ్చిన టీ ముట్టుకోలేదు. కమలకుమారి కుర్చీ దగ్గరగా జరుపుకున్నాక అసలు మాట బయటికొచ్చింది.

"అమ్మా, మొన్న హెర్నియా కేసుల సారు మధ్యలో ఆగిపోయిన్రు. ఏ దిక్కు కొయ్యాల్నో సమజ్ కాలె. మా థియేటర్ల జేసే దామోదరన్న మెల్లగ చెప్తే మల్ల సదురుకున్నరు. పేషెంటుకేం గాలె, దేవుని దయ."

"ధనశ్రీకి చెప్పారా?"

"మేడం రోజూ అడుగుతరు, ఫికర్ లేకుంట చెప్పుండ్రి అని. అన్నీ చెప్తం. గిది మాత్రం ఎవ్వరి నోట్లకెళ్లి రాలె. ఆమె తండ్రి గురించి ఆమెకెట్ల చెప్తమమ్మా? అన్నం బెట్టిన చేతులాయె." గ్రేసీ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "రేపు జవహర్‌నగర్ సువార్తమ్మకు ఆపరేషన్ ఉన్నది. సారు జేస్తేనే జేయించుకుంట అని కూసున్నది. జర మీరే చూడుండ్రి."

గ్రేసీ వెళ్లాక కమలకుమారి ముట్టని టీ గ్లాసు తీసి లోపల పెట్టింది. తాను అడుగుతూ వచ్చిన ఇంకొక్క ఆధారం నడిచి ఇంటికే వచ్చింది. ఇన్నాళ్లూ తాను కోరింది సత్యాన్ని కాదు, గడువును. సందేహించడం మంచి గుణమే. కానీ ఇష్టం లేని సత్యం ఎదురైనప్పుడే మనిషికి సందేహాలు ఎక్కువగా పుడతాయి. ఆ గడువు మధ్యలో కత్తి కింద పడుకున్న మొన్నటి రోగి పేరు కూడా ఆమెకు తెలియదు.

సాయంత్రం ముగ్గురూ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాక, వడ్డన పూర్తిచేసి ఆమె చెప్పింది.

"ధనా, రేపు సువార్తమ్మకు నాన్న ఆపరేషన్ చేయకూడదు."

ధనశ్రీ చెయ్యి ముద్ద దగ్గరే ఆగింది. ఎవరన్నారు అని పెదవి దాకా వచ్చిన ప్రశ్నను మింగేసింది. తండ్రి మింగలేదు.

"ఎవరు మోశారు ఈ మాట? గ్రేసీయేనా?"

"నేనే చెబుతున్నాను."

"నువ్వు ఏనాడైనా నా థియేటర్‌లో అడుగుపెట్టావా?"

"లేదండీ. ఇంట్లో ఉన్నాను."

గిరిప్రసాద్ గారు కంచం పక్కకు జరిపారు. ఆసుపత్రిలో అందరూ తనకు అన్నీ చెబుతారనుకున్నానంది ధనశ్రీ. అంత కష్టపడి కట్టుకున్న నమ్మకం ఇంతేనా అంది.

"వాళ్లను అనకు," అంది తల్లి. "కొంతకాలంగా పెద్ద కేసులన్నింటిలోనూ ఆ కొత్త సర్జన్ తేజేష్‌ను నాన్న పక్కన ఎందుకు నిలబెడుతున్నావు?"

"కుర్రవాడు, పని నేర్చుకుంటాడని..."

"నా దగ్గర కూడా అబద్ధమేనా?"

ధనశ్రీ తల వంచుకుంది. కన్నీళ్లు కంచంలో రాలాయి. "నాన్న కదమ్మా," అంది చివరికి.

"అంటే నాకు తెలియకుండా నా వెనుక కాపలా పెట్టావన్నమాట." గిరిప్రసాద్ గారు లేచి వరండాలోకి వెళ్లారు. తల్లీకూతుళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అన్నం ఆరిపోయింది. ఆయన మళ్లీ వచ్చి గడపలోనే నిలబడినప్పుడు గొంతులో కోపం లేదు.

"మొన్న ఆ రోగి ఒంటి మీద కోత గుర్తు పెట్టే ఉంది కమలా. చూశాను. అది అతని కుడివైపో నా కుడివైపో తేలలేదు. భయమేసింది. భయమేస్తోందని చెప్పడానికి ఆ గదిలో నాకంటే పెద్దవాడు లేడు."

ధనశ్రీ లేచి వెళ్లి ఆయన భుజం మీద నుదురు ఆనించింది. ఆయన తల నిమరలేదు, తోసేయనూ లేదు.

"నాలుగు రోజుల్లో నరాల డాక్టరుకు చూపిద్దాం నాన్నా. దాని పేరేమిటో పరీక్షలు చెబుతాయి. మనం ముందే పెట్టుకోవద్దు."

"పేరు ఏదైతేనేం," అన్నారాయన. "కత్తి మాత్రం ఇక పట్టుకోను."

మర్నాడు మెట్ల దగ్గర అందరూ గుమిగూడినప్పుడు ధనశ్రీ ముందుగా తన పొరపాటే చెప్పుకుంది. తనకు తెలిసిన ప్రమాదాన్ని తండ్రి మీది ప్రేమతో దాచానంది. తర్వాత గిరిప్రసాద్ గారు రెండు మెట్లు ఎక్కి, ఆ రోజు థియేటర్‌లో ఏం జరిగిందో ఒక కేసు వివరించినట్టు తొణకకుండా వివరించారు. దామోదర్ చెప్పకపోతే ఏమయ్యేదో కూడా చెప్పారు. గ్రేసీ గోడ వైపు తిరిగి ఏడ్చింది. వెనుక నిలబడ్డ కమలకుమారికి, ఆ మనిషిని అంత పెద్దగా, అంత ఒంటరిగా ఎన్నడూ చూసినట్టు అనిపించలేదు.

అక్కడి నుంచి ఆయన నేరుగా సువార్తమ్మ మంచం దగ్గరికి వెళ్లారు. తనకు మతిమరుపు మొదలైందని, తేజేష్ మంచి పనివాడని చెప్పారు. ఆమె దిండు మీద కాస్త పైకి జరిగింది.

"గట్లనా సారూ." ఇంకా ఏదో ఆలోచించుకుంది. "గట్లైతే నా పక్కన కూసోండ్రి. నడుము కాడికే మత్తిస్తరట గదా, నాకు తెలివి ఉంటది. మీరు కనబడితే ధైర్యముంటది."

తేజేష్ ఆపరేషన్ చేసినంతసేపూ గిరిప్రసాద్ గారు ఆమె తలవైపు స్టూలు మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఆమె మనవల ముచ్చట్లు విన్నారట. ఆ సంగతి తర్వాత గ్రేసీ చెప్పింది. తలుపు తెరుచుకుని ఆయన బయటికి రాగానే సువార్తమ్మ కొడుకు శాంసన్ ఎదురెళ్లాడు.

"సారూ, అమ్మకు మంచిగ జేసిన్రా?"

"బాగా జరిగిందయ్యా. చిన్న కోతే పెట్టాను, రెండు రోజుల్లో..." ఆయన ఆగిపోయారు. కళ్లు భార్యను వెతుక్కున్నాయి. "నేను చేయలేదు కదూ?"

ఏదో ఒకటి చెప్పి ఆ క్షణాన్ని కప్పేయాలని కమలకుమారి ప్రాణం కొట్టుకుంది.

"లేదండీ," అంది. "తేజేష్ చేశాడు. మీరు ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నారు."

ఆయన తల ఊపి శాంసన్ వైపు తిరిగారు. "నేను చేయలేదయ్యా. పక్కన కూర్చున్నానంతే."

శాంసన్ వంగి ఆయన రెండు చేతులూ కళ్లకద్దుకుని లోపలికి వెళ్లాడు. గిరిప్రసాద్ గారు తన చేతుల వైపు చూసుకుంటూ నిలబడ్డారు.

"ఊరికే కూర్చోవడం చాలా కష్టంగా ఉంది కమలా."

"తెలుసండీ," అంది కమలకుమారి. కన్నీళ్లు తుడుచుకోకుండానే బెంచీ మీద పక్కకు జరిగి, ఆయనకు చోటిచ్చింది.