ఎవరూ చేయలేని తప్పు

సోమవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు పజిల్ తాతయ్య పెన్సిల్ ములికి నాలుక మీద తడి చేసుకున్నాడు. నలభై ఏళ్ల అలవాటు అది. కాగితం మీద ఒక గీత గీశాడు. రెండో గీత సగంలో ఆగిపోయింది.

వారపత్రిక ఆఫీసులో పక్క బల్ల వాళ్లు కునుకు తీస్తున్నాడనుకున్నారు. టీ ఇచ్చే ఆమె వచ్చి భుజం తట్టింది. అప్పుడు తెలిసింది.

పెన్సిల్ ములికిలో విషం ఉందని సాయంత్రానికి లేబొరేటరీ రిపోర్ట్ వచ్చింది.

మర్నాడు సీక్రెట్ సర్వీస్ చీఫ్ ఏజెంట్ తొమ్మిదిని పిలిపించాడు. కిటికీ లేని గది. బల్ల మీద ఏడు పోస్టుకార్డులు వరసగా పేర్చి ఉన్నాయి.

"కూర్చో."

"నిలబడతాను సార్."

"మీ మామగారు పోయారు."

"పేపర్లో చూశాను."

"చంపారు. అది పేపర్లో లేదు."

ఏజెంట్ తొమ్మిది కూర్చున్నాడు.

చీఫ్ కార్డులు ముందుకు జరిపాడు. "కిందటి వారం ఆయన వేసిన పజిల్ నూతిలో కప్ప. ముప్పై అడుగుల నుయ్యి. పగలు మూడడుగులు ఎక్కుతుంది, రాత్రి రెండడుగులు జారుతుంది. ఎన్నో రోజున బయటపడుతుంది?"

"ఇరవై ఎనిమిదో రోజు. గట్టు మీదికి వచ్చాక ఇక జారదు కదా."

"జనం ఏం రాస్తారు?"

"ముప్పై. రోజుకి ఒక్క అడుగే కదా అనుకుని తొందరపడతారు."

"ఈ ఏడుగురూ నలభై ఒకటి రాశారు. ఏడు ఊళ్ల నుంచి."

ఏజెంట్ మనసులో లెక్క కట్టాడు. ఎటు కట్టినా నలభై ఒకటి రాలేదు. చీఫ్ ఒక చీటీ అందించాడు. మామయ్య దస్తూరీ. "అయ్యా, సరైన జవాబు అందరిదీ ఒకటే. తప్పు ఎవరిది వాళ్లదే, కానీ ప్రతి తప్పుకీ ఒక దారి ఉంటుంది. దీనికి దారి లేదు. ఈ తప్పు ఎవరూ చేయలేరు. మీరొకసారి చూడండి."

"ఈ కార్డులతో పాటు పోలీసులకి రాశారు, వాళ్లు నాకు పంపారు. శనివారం పోస్టులో వచ్చింది," అన్నాడు చీఫ్. "నేను సోమవారం మధ్యాహ్నం విప్పాను."

ఏజెంట్ చీటీ మడతపెట్టి కార్డుల పక్కన పెట్టాడు.

తరువాత చీఫ్ అసలు సంగతి చెప్పాడు. ఒక విదేశీ ముఠా ఆ పజిల్ పేజీని వాడుకుంటోంది. కావలసిన అంకెను తప్పు జవాబుగా రాసి పంపుతారు. ఒక కార్డు పోయినా ఇంకొకటి చేరుతుందని ఏడు ఊళ్ల నుంచి పంపుతారు. ఆఫీసులో వాటిని ఏరి ముఠాకి చెప్పేది ఆ పేజీకి బొమ్మలు వేసే ఆవిడ. ఫైల్లో ఆవిడ పేరు నెమలి. డబుల్ ఏజెంట్. వాళ్లకి చెప్పేది మనకీ చెబుతుంది.

"నలభై ఒకటి అంటే రైలు వంతెన స్తంభం. ఎనభై ఒక్క స్తంభాల్లో సరిగ్గా నడిమిది. ఎటు నుంచి లెక్కపెట్టినా అదే. బాంబు పెట్టేది అక్కడ. రోజు, ఈ వారం పజిల్ జవాబులకి ఆఖరి తేదీ. అంటే పై వారం శుక్రవారం. తెలియంది టైమ్. అది ఈ వారం పజిల్‌కి వచ్చే కార్డుల్లో తెలుస్తుంది. కాబట్టి పజిల్ ఆగకూడదు. మీ మామగారి కుర్చీలో నువ్వు కూర్చో."

"నేనే ఎందుకు సార్?"

"ఆరేళ్లుగా వారం వారం దొంగపేరుతో ఆయనకి తప్పు జవాబు రాస్తున్నది నువ్వే కదా. ఆ పేజీ నీకన్నా ఎవరికి తెలుసు?"

ఏజెంట్ తొమ్మిది నేల చూశాడు.

సరిగ్గా రాసినవాళ్ల పేర్లు పత్రికలో వేయించేవాడు మామయ్య. తప్పు రాసినవాళ్లకి మాత్రం స్వయంగా ఉత్తరం రాసేవాడు, ఎక్కడ జారారో చూపిస్తూ. ఆరేళ్ల కిందట ఏజెంట్ భార్య జబ్బుచేసి పోయింది. ఆ వారం అతను డ్యూటీలో ఉన్నాడు. ఎక్కడున్నాడో అప్పుడు చెప్పలేకపోయాడు, తరువాతా చెప్పలేకపోయాడు. "ఎక్కడున్నావో చెప్పలేనివాడివి, ఇక్కడికి మాత్రం ఎందుకు?" అని మామయ్య తలుపు వేసేశాడు. ఆ చేతిరాత కోసం అతను తప్పులు రాయడం మొదలుపెట్టాడు. ఈ వారం కాదు, పై వారం తప్పకుండా వెళ్లి కనపడదాం అనుకుంటూనే ఆరేళ్లు గడిపాడు.

బుధవారం వారపత్రిక ఆఫీసుకి ఒక రిటైరైన లెక్కల మాస్టారు వచ్చాడు. తెల్ల విగ్గు, మందపాటి కళ్లద్దాలు, జేబులో పెన్సిల్ చెక్కే మర. ఆ మరలో బ్లేడు కింద ట్రాన్స్‌మీటర్ ఉంది.

మామయ్య బల్ల ఆయన వదిలినట్టే ఉంది. ఒక పళ్లెంలో అగ్గిపుల్లలు, ఇంకో పళ్లెంలో నాణేలు, గళ్ల కాగితాలు. మధ్యలో సగం గీత.

నెమలి పది గంటలకు వచ్చింది. నల్ల కళ్లద్దాలు, పట్టుచీర, ఎత్తు మడమల చప్పుడు. ఆమె కన్నా ముందు సెంటు వాసన వచ్చింది. బల్ల దగ్గర ఆగి మెల్లగా అంది.

"కప్ప ఎక్కడ?"

"నూతిలోనే ఉంది," అన్నాడు ఏజెంట్.

కోడ్ సరిపోయింది. ఆమె కళ్లద్దాలు తీయలేదు.

మామయ్య ప్రతి పజిల్‌నీ ముందు టీ ఇచ్చే ఆమె మీద ప్రయోగించేవాడట. ఏజెంట్ కూడా అదే చేశాడు.

"గోడ గడియారం ఆరు గంటలు కొట్టడానికి అయిదు సెకన్లు పడుతుందక్కా. పన్నెండు కొట్టడానికి ఎన్ని?"

"పది. ఇదీ ఒక పజిలేనా మాస్టారూ? తాతయ్యగారైతే నన్ను గంటసేపు ఏడిపించేవారు."

"పది కాదక్కా. పదకొండు. ఆరు దెబ్బల మధ్య ఖాళీలు అయిదు. పన్నెండు దెబ్బల మధ్య పదకొండు."

ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. "ఓరి నీ గడియారం పాడుగాను!" అని నవ్వబోయి, ఆ కుర్చీ చూసి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్లిపోయింది.

పజిల్ అచ్చయింది. నెమలి గడియారం బొమ్మ వేసింది. మరుసటి వారమంతా కార్డులు వచ్చాయి. గురువారం సాయంత్రం ఆమె ఏడు కార్డులు ఏరి ఇచ్చింది. ఏడింటి మీదా జవాబు పదహారు.

"పదహారు గంటలు. అంటే సాయంత్రం నాలుగు. నాలుగింటి మెయిలు," అన్నాడు చీఫ్ ట్రాన్స్‌మీటర్లో. "మూడింటి దాకా వంతెన ఛాయలకి ఎవరూ పోవద్దు. పిట్టలు బెదిరితే మళ్లీ దొరకవు."

శుక్రవారం ఉదయం తొమ్మిది గంటలకు ఏజెంట్ ఒక్కడే కూర్చుని మిగిలిన కార్డులు విప్పాడు. సాయంత్రం దాకా చేసే పనేమీ లేదు. మామయ్య స్థానంలో నాలుగు ఉత్తరాలైనా రాద్దామనుకున్నాడు. తప్పులు వేరు చేయడం మొదలుపెట్టాడు. పన్నెండు అన్నవాళ్లు ఇరవైమంది, దెబ్బకొక సెకను వేసుకున్నారు. తొమ్మిది అన్నవాళ్లు ముగ్గురు, ఖాళీలు తప్పు లెక్కపెట్టారు. కట్ట అయిపోయింది. మళ్లీ మొదటి నుంచి తిరగేశాడు.

పది లేదు.

మూడువందల కార్డులు. టీ అక్క తడుముకోకుండా చెప్పిన జవాబు. ఆరుకి అయిదైతే పన్నెండుకి పది. ఇంత దగ్గరి దారి ఇంకొకటి లేదు. ఇంతమందిలో ఆ దారిన పోయినవాడు ఒక్కడూ లేడా?

నెమలి గుమ్మంలోకి వచ్చింది. గోడ గడియారం తొమ్మిదీ ఇరవై ఆరు చూపిస్తోంది.

"పదులు ఎక్కడ పెట్టావు?" అన్నాడు ఏజెంట్.

"ఏ పదులు మాస్టారూ?"

"తొందరపడినవాళ్లవి."

ఆమె చేతిలో రంగు బ్రష్షుల డబ్బా కింద పడింది. ఏజెంట్ అప్పటికే మర చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"సార్, నాలుగు కాదు. పది. పది గంటల ప్యాసింజర్!"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. "ఆ బండి వంతెనకి ముందున్న ఆఖరి స్టేషన్ దాటింది. ఆపే దారి లేదు. ఆరువందల మంది ఉంటారు. మన వాళ్లు అక్కడికి రావాలంటే గంట పడుతుంది. నువ్వే వెళ్లు!"

అతను మెట్లు దిగాడు. వెనకాల మడమల చప్పుడు వినిపించింది.

"కారు నాది. దారి నాకు తెలుసు. నేను నడుపుతాను," అంది నెమలి.

ఆమె బాగా నడిపింది. మూడు మలుపులు దాటాయి.

"పెన్సిళ్ల పెట్టె ఇచ్చింది నేనే," అంది. "ఆయన ఆ ఏడు కార్డులు నాకే చూపించారు. చిన్నపిల్లాడిలా మురిసిపోతూ. అవతలి వాళ్లకి నా మీద నమ్మకం పోకూడదని ఆ మాట చేరవేశాను. రెండు రోజులకి పెట్టె వచ్చింది, పెద్దాయనకి కానుక అని."

"అందులో ఏముందని అడగలేదా?"

"అడగలేదు. అడిగితే జవాబు తెలుస్తుందని."

కారు ఒక బండిని రాసుకుంటూ పోయింది.

"ఆ తరువాత వాళ్లు ఉత్తరం రాశారు. చెప్పినట్టు వింటే పెట్టె సంగతి మన మధ్యే ఉంటుంది, లేకపోతే ఊరంతా తెలుస్తుంది అని. పదహారు అంటూ ఏడు కార్డులు నేనే దొంగరాత రాశాను. పది అన్న అంకె మీ కంట పడితే చాలు, పట్టేస్తారనిపించింది. అన్నీ తీసేశాను."

"వదిలేసి ఉంటే నాకు తెలిసేది కాదు. ఆ గుంపులో ముఠావి ఏడూ కలిసిపోయేవి."

ఆమె గేరు మార్చింది. కళ్లద్దాల కింద నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"మీరెవరో చీఫ్ చెప్పారు. మీ కార్డు వచ్చిన రోజు ఆయన రెండోసారి టీ అడిగేవారు," అంది. "ఇది మా అల్లుడి రాతే, వీడికి జవాబు తెలుసమ్మా, కావాలనే తప్పు రాస్తున్నాడు అనేవారు."

ఏజెంట్ ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. "మరి పిలవొచ్చుగా?"

"మీరు వెళ్లొచ్చుగా?"

తొమ్మిదీ యాభై రెండుకి వంతెన వచ్చింది. అతను పట్టాల పక్క చెక్కల మీద పరిగెత్తాడు. విగ్గు గాలికి ఒక చెవి మీదికి జారింది. స్తంభాలు లెక్కపెట్టుకుంటూ పోయాడు. ముప్పై దాటాక పట్టాలు సన్నగా మోగడం మొదలైంది.

నలభై ఒకటో స్తంభం దగ్గర ఒక పెయింటర్ రెయిలింగుకి ఆనుకుని ఉన్నాడు. పక్కన మూత బిగించిన రంగు డబ్బా, లావుపాటి తాడుతో స్తంభానికి కట్టి ఉంది.

"ఏం తమ్ముడూ, మూత తీయకుండానే రంగు వేస్తున్నావే!"

పెయింటర్ కత్తి తీశాడు. ఏజెంట్ వంగి ఆ చెయ్యి పట్టి మెలితిప్పాడు. కళ్లద్దాలు పగిలాయి. ఇద్దరూ రెయిలింగు మీద పడ్డారు. ఒక్కడే లేచాడు. రెండోవాడు నదిలో ఈదుకుంటూ పోయాడు. వాణ్ణి మధ్యాహ్నం ఒడ్డున పట్టుకున్నారు.

డబ్బాలో గడియారం టిక్కుటిక్కుమంటోంది. ముడి విప్పుదామంటే గోళ్లు దిగలేదు. కత్తి నదిలో పడిపోయింది. ప్యాసింజర్ వంతెన ఎక్కింది. ఏజెంట్ పెన్సిల్ చెక్కే మర తీసి, నేలకేసి కొట్టి, బ్లేడు ఊడదీశాడు. బొటనవేలంత బ్లేడు. తాడు ఒక్కో పురీ తెగుతోంది. కూత దగ్గరైంది. ఆఖరి పురి తెగగానే డబ్బాను కాలితో తన్నాడు.

డబ్బా నీళ్లను తాకింది. నది చెట్టంత ఎత్తు లేచి అతని మీద పడింది.

బండి పక్క నుంచే వెళ్లిపోయింది. ఒక కిటికీలోంచి ఒక పెద్దావిడ అరిచింది. "ముసలాయనా! స్నానానికి ఇంకెక్కడా చోటు దొరకలేదా?"

పగిలిన మరలో చీఫ్ గొంతు గరగరలాడింది. "కప్ప ఎక్కడ? చెప్పు, కప్ప ఎక్కడ?"

"గట్టెక్కింది సార్. ఇక జారదు."

వంతెన చివర కారు అలాగే ఉంది. పారిపోవడానికి నెమలికి పావుగంట టైమ్ దొరికింది. పోలేదు. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అతన్ని చూసి రెండు చేతులూ ముందుకు చాపింది.

"ఆయనుంటే నాకూ రాసేవారేమో, ఎక్కడ జారానో," అంది.

"రాసేవాడు," అన్నాడు ఏజెంట్.

మధ్యాహ్నం చీఫ్ స్వయంగా పత్రికాఫీసుకి వచ్చాడు. నెమలి చెప్పిన చోట, రంగుల బీరువా వెనకాల, సంచీ దొరికింది. నూట పంతొమ్మిది కార్డులు. చీఫ్ పాత కార్డులతో దస్తూరీ పోల్చి ముఠావి ఏడూ ఏరుకుని జేబులో పెట్టుకున్నాడు.

"మిషన్ సక్సెస్. నెల రోజులు సెలవు తీసుకో. ఇంకా ఈ కుర్చీలో ఏం పని?"

"కొన్ని ఉత్తరాలున్నాయి సార్."

చీఫ్ వెళ్లిపోయాడు. టీ అక్క కప్పు తెచ్చి బల్ల అంచున పెట్టింది. విగ్గు లేని తల చూసింది. ఎవరని అడగలేదు. కాసేపటికి ఇంకో కప్పు కూడా తెచ్చి పక్కన పెట్టింది.

ఏజెంట్ తొమ్మిది పెన్ను తీసి మొదటి కార్డుకి జవాబు రాశాడు. "అమ్మా, మీరు దెబ్బలు లెక్కపెట్టారు. లెక్కపెట్టాల్సింది మధ్యలో ఖాళీలు. కాస్త తొందరపడ్డారు, అంతే." రెండోదానికీ అదే రాశాడు. మూడోదానికీ అదే.

నూట పన్నెండు మంది తొందరపడ్డారు. ఆలస్యం చేసింది తనొక్కడే.