ఖాళీగా ఊగిన ఉయ్యాల

అనకాపల్లి బెల్లం మార్కెట్ వెనక వీధిలో ఓ ట్రస్టు వాళ్ళ మేడ మీద ఆ ల్యాబ్ ఉండేది. 2007 నాటి మాట. చెరకు గానుగలు తిరగడం మొదలైతే చాలు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి చేతులు కాలిన వాళ్ళు వచ్చేవారు. మరిగే బెల్లం పాకం ఒంటి మీద పడితే తోలుతో సహా ఊడొస్తుంది. అలాంటి వాళ్ళకి కొత్త చర్మం పెంచాలన్నదే అక్కడి పని. సముద్రపు నాచు నుంచి తీసిన జిగురుతో హైడ్రోజెల్ చేసేవారు. చూడ్డానికి తాటిముంజెలా ఉంటుంది. ఆనపపాదుకి పందిరి వేసినట్టు, మూలకణాలు అల్లుకోడానికి ఆ జెల్ పందిరి.

సూర్యకళది చీడికాడ, గంగాభవానిది ఎస్. రాయవరం. ఇద్దరిదీ ఒకటే చదువు, ఒకటే బల్ల, ఒకటే జిగురు. అయినా భవాని గిన్నెలో కణాలు ఇట్టే అల్లుకుపోయేవి. సూర్యకళ గిన్నెలో చచ్చి, జెల్ గంజిలా తెల్లబడేది. "నీ హస్తవాసి మంచిదే భవానీ" అని నవ్వేది సూర్యకళ. కడుపులో కత్తులు పెట్టుకుని కౌగిలించుకోవడమంటే అదే. కుళ్ళు. దానికి మరో పేరు వెతకక్కర్లేదు.

గిన్నెలు వెచ్చటి ఇంక్యుబేటర్ పెట్టెలో, మెల్లగా అటూ ఇటూ ఊగే పలక మీద ఉండేవి. దాన్ని అందరూ రాకర్ అంటే, భవాని ఉయ్యాల అనేది. స్విచ్ ఆపకుండా గిన్నె ఎత్తేది కాదు.

"ఖాళీ ఉయ్యాల ఊగకూడదే. పిల్లకి కీడు."

"ఇంత చదువు చదివి ఇదేటే నీకు?" అని వెక్కిరించేది సూర్యకళ.

భవాని గిన్నెలోని కణాలు పూడిమడకలో చేపలమ్ముకునే తల్లమ్మ బిడ్డవి. పుట్టిన పూటే పోయాడు వాడు. బొడ్డుతాడు ఇస్తావా అని భవాని అడిగితే, "నా గుంటడు ఎక్కడో దగ్గర బతికుంతాడు గదమ్మా... సూసుకుంతావా?" అని చేతిలో చెయ్యి వేయించుకుని మరీ ఇచ్చింది. నెల తిరక్కుండా తల్లమ్మా పోయింది.

ల్యాబ్‌లో పర్మనెంటు పోస్టు ఒక్కటే. పెద్దాయన దేవీప్రసాద్ గారు మర్నాడు పొద్దున్న రెండు గిన్నెలూ చూస్తానన్నారు. ఎవరి జెల్‌లో కణాలు బతికుంటే వాళ్ళు ఉంటారు. రెండో మనిషి ఇంటికే.

ఆ సాయంత్రం తుఫాను ముసురు. దీపాల వేళ కాకుండానే చీకటి పడింది. బస్సులు ఆగిపోతాయని భవాని ముందే బయల్దేరుతూ, "నా గిన్నె కూడా ఓ కంట చూడవే" అంది.

చూసింది సూర్యకళ. పెట్టె తలుపు తీసి రెండు గిన్నెలూ బల్ల మీదికి తెచ్చి, మూతల మీది పేర్లు మార్చి అంటించింది. తన చచ్చిన జెల్ భవానిదయింది. భవాని బతికున్న జెల్ తనదయింది. ఆ హడావిడిలో స్విచ్ ఆపడం మర్చిపోయింది. వెనకాల పెట్టెలో పలక ఖాళీగా ఊగుతూనే ఉంది.

కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. ఫ్రిజ్ మూలుగు ఆగింది. వాన చప్పుడు ఒక్కటే మిగిలింది. కాదు... ఇంకోటి కూడా ఉంది.

కిర్... కిర్...

చీకట్లో తడుముకుంటూ వెళ్ళి స్విచ్ నొక్కింది. ఆగలేదు. ప్లగ్గు పీకి, పలకని చేత్తో గట్టిగా పట్టుకుంది. ఆగలేదు.

కిర్... కిర్...

గదిలో ఉప్పుచేప వాసన వేసింది. దాని అడుగున పచ్చిగా మరో వాసన... పురిటింటి వాసన. సూర్యకళ వెనక్కి వెనక్కి నడిచి బల్లకి తగిలి, చేతికందిన గిన్నెని గుండెలకి అదుముకుంది. గిన్నె వెచ్చగా ఉంది.

"ఉయ్యాల కాలీగా ఊగుతుందేటమ్మా...?"

గుసగుస. చెవి పక్కనే.

"ఎవరు...?"

"నా గుంటడేడి?"

సూర్యకళ చేతిలోని గిన్నె అదిరింది. ఒక్కసారి... మళ్ళీ ఒక్కసారి...

"ఆ గిన్నెలోది ఎవులిది?"

భవానిదని చెప్పేస్తే పోయేది. పేరు మళ్ళీ మార్చి అంటిస్తే పోయేది. భవాని పేరు నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఎప్పుడూ ఆ పేరే. చదువులో ఆ పేరే, సారు నోట ఆ పేరే, చివరికి చచ్చినవాళ్ళు వచ్చి అడిగినా ఆ పేరేనా? అంత భయంలోనూ ఒళ్ళు మండిపోయింది.

"నాది" అంది.

"నీదేనా?"

"నాదే."

కిర్రుమనడం ఆగిపోయింది.

"మరైతే నువ్వే సూసుకో తల్లీ. ఆడికి ఆకలేత్తంది."

కరెంటు వచ్చింది. గదిలో ఎవరూ లేరు. సూర్యకళ రెండు గిన్నెలూ పెట్టెలో పై అరలోకి తోసి, ప్లగ్గు మళ్ళీ పెట్టే ధైర్యం లేక, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగింది.

పొద్దున్న దేవీప్రసాద్ గారు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తి, "భలే, సూర్యకళా! నేనెప్పుడూ చూడలేదు ఇంత చక్కటి అల్లిక. పోస్టు నీదే" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. భవాని తన పేరున్న గిన్నె కేసి, తెల్లగా చచ్చిన జెల్ కేసి చూస్తూ నిలబడిపోయింది. "తల్లమ్మకి మాటిచ్చేనే..." అని మాత్రం గొణుక్కుంది.

సూర్యకళకి నవ్వొచ్చింది. రాత్రి జరిగిందంతా భ్రమ అనుకుంది. భవాని కళ్ళు తుడుచుకుని, మంచి మనిషి కదా, చెయ్యి కలపడానికి దగ్గరికొచ్చి ఆగిపోయింది. గొంతు బాగా తగ్గించింది.

"సూర్యా... పమిట సరిచేసుకో. జాకెట్టు తడిసిందేటే?"

సూర్యకళ తల దించి చూసుకుంది. పెళ్ళి కాని పిల్ల. గుండెల మీద రెండు పక్కలా గోరువెచ్చగా, తెల్లగా తడి పాకుతోంది. పాల వాసన.

లోపలి గదిలో, ప్లగ్గు పీకిన ఉయ్యాల కిర్రుమంది.

జాకెట్టు మళ్ళీ తడిసింది.