ముక్కులో బరువు

విమానం తోక మీద కూర్చుంది.

చినత్సు దాన్ని మళ్ళీ మూడు చక్రాల మీద నిలబెట్టి వేలు తీసింది. ముక్కు మెల్లగా పైకి లేచింది. తోక బల్లకు తగిలి టక్కుమంది. మూడోసారి నిలబెట్టినా అంతే.

శనివారం మధ్యాహ్నం మూడయింది. రేపు పదకొండున్నరకు హిరాబయాషి గారు రైలెక్కుతారు. ఆయన చేతిలో పెట్టాల్సిన విమానం ఇది.

అది సేబర్. వెండి రంగు ఒళ్ళు, వెనక్కి వాలిన రెక్కలు, ముక్కు దగ్గర నోరు తెరుచుకున్నట్టుండే పాతకాలపు ఫైటర్ జెట్. నలభై అయిదేళ్ళ కిందట ఈ హమామత్సు ఎయిర్ బేస్‌లోనే హిరాబయాషి గారు నిజం సేబర్‌ను నడిపేవారు. చినత్సు తాతయ్య దానికి మెకానిక్.

ఇప్పుడు హిరాబయాషి గారు ఉత్తరాన అకితాలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నారు. ఆ వయసులో అంత దూరం వెళ్ళినవాళ్ళు మళ్ళీ వస్తారని ఎవరు చెప్పగలరు? అందుకే తాతయ్య బీరువా మీద ఇరవై ఏళ్ళుగా దాచుకున్న సేబర్ మోడల్ కిట్టు కిందికి దించాడు. కానీ పోయిన నెలే ఆయన కంటికి ఆపరేషన్ అయింది. దగ్గరి పని ఏదీ చేయొద్దన్నాడు డాక్టరు.

"నేను చేస్తాను తాతయ్యా," అంది చినత్సు. "మొత్తం నేనే."

అన్నట్టే చేసింది. మూడు వారాలు, బడి నుంచి రాగానే బ్యాగు ఒక మూల పడేసి బల్ల ముందు కూర్చుంది. ఒక్కో ముక్కా ఫ్రేము నుంచి కత్తిరించింది. గరుకు కాగితంతో రుద్దింది. అతికించింది, రంగు వేసింది. తాతయ్య చూసుకున్న విమానం నంబరును ఊపిరి బిగబట్టి ముక్కు పక్కన అంటించింది.

మరి ఇదేమిటి, కుక్కలా తోక మీద కూర్చుంటుంది?

రంగు సీసాల వెనక చూసింది. చిన్న సాస్ గిన్నెలో అయిదు సీసం గుండ్లు ఉన్నాయి. తాతయ్య చేపల గాలానికి కట్టే గుండ్లు. ఈ విమానానికి వెనక భాగం బరువు. అందుకే ఒంటి రెండు సగాలూ అతికించే ముందే ముక్కులో ఆ గుండ్లు పెట్టాలి. ఆ సంగతి కిట్టులోని కాగితంలో బొమ్మ వేసి మరీ చూపించారు.

గుండ్లు మాత్రం గిన్నెలోనే ఉన్నాయి.

రెండు వారాల కిందటి బుధవారం గుర్తొచ్చింది. రెండు సగాలూ దగ్గర పెట్టి చూస్తే మొదటిసారి అది విమానంలా కనిపించింది. ఇక ఆగలేకపోయింది. గమ్ పూసి నొక్కిపట్టింది. అప్పుడే పక్కగదిలోంచి తాతయ్య అడిగాడు.

"ముక్కులో బరువు వేశావా అమ్మడూ?"

"ఆఁ, వేశాను."

అబద్ధం చెప్పాలని కాదు. వేసే ఉంటాననుకుంది. చూడలేదు, అంతే.

అంతటితో పోతే బాగుండేది. కానీ బల్ల పక్కన గోడకు ఒక కాగితం వేలాడుతోంది. బేస్‌లో ఉన్నట్టే తాతయ్య గీతలు కొట్టి రాసిన జాబితా. ఒక్కో పనికి ఒక్కో గీత. చేసినవాళ్ళు గీత చివర తమ పేరు ముద్ర వేయాలి. ఆరో గీత: ముక్కులో బరువు. దాని చివర ఎర్రగా, గుండ్రంగా, చినత్సు ముద్ర.

తలుపు తోసుకుని రిత్సు వచ్చాడు. పై అంతస్తులో ఉంటాడు, బడిలో మోడల్ క్లబ్బులో ఇద్దరూ ఒకే బల్ల.

"అయిపోయిందా?" అని వంగి చూశాడు. చూసి పగలబడి నవ్వాడు. "నీ విమానానికి నడుం నొప్పా? కూర్చుండిపోయింది."

"నవ్వకు. బరువు వేయలేదు."

"అమ్మో. ముక్కు విప్పాలి అయితే. రంగంతా పోతుంది." తల గోక్కున్నాడు. "ఏయ్, విమానం పెట్టి ఇచ్చే చెక్క పీట ఉందిగా? ముందు చక్రాన్ని దానికి గమ్‌తో అంటించెయ్. ఎలా లేస్తుందో చూద్దాం."

"అంటించానని తెలిసిపోతుంది."

"ఎవరికి? మీ తాతయ్యకు కళ్ళద్దాలు పెట్టుకున్నా నేను రిత్సునో మా అన్ననో తెలియట్లేదు."

చినత్సు గోడ మీది కాగితం వంక చూడకుండా గమ్ ట్యూబు తీసింది. ఒక్క చుక్క. నిమిషం సేపు వేలితో అదిమి పట్టింది. వేలు తీసింది. సేబర్ చక్కగా మూడు కాళ్ళ మీద నిలబడింది.

"చూశావా?" అన్నాడు రిత్సు. "నా ఫీజు ఒక ఉనాగి పై బిస్కట్టు."

బిస్కట్టు ఇచ్చి పంపించింది. తను మాత్రం తినలేదు.

రాత్రి భోజనానికి అమ్మ గ్యోజాలు, లోపల కూర పెట్టిన కుడుములు, చేసింది. పళ్ళెంలో చుట్టూ పేర్చి, మధ్యలో మొలకలు పోసింది. తాతయ్య కూర్చునే ముందు విమానాన్ని పీటతో సహా దీపం దగ్గరికి పట్టుకెళ్ళాడు. రెక్కల చివర్లు వేలితో తడిమాడు.

"మూడు కాళ్ళ మీద ఎంత ఠీవిగా నిలబడిందే," అన్నాడు. అన్నది విమానంతోనో మనవరాలితోనో తెలియదు. "కెప్టెన్ గారు దీన్ని చూసి ఏమంటారో. ఒకసారి నేను ఆయన్ని రన్‌వే మీద ఆపేశాను, తెలుసా?"

"మీరా?" అంది అమ్మ. "పోస్టుమేన్‌ని ఆపి ఉత్తరం అడగడానికే మొహమాటపడతారు."

"అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. విమానాన్ని పంపేశాను. పెట్టెలో పనిముట్లు లెక్కపెట్టుకుంటే ఒక పానా తక్కువైంది. మళ్ళీ లెక్కపెట్టాను. తక్కువే. ఇంజిన్‌లో వదిలేశానేమో. కెప్టెన్ గారు అప్పటికే రన్‌వే చివరికి వెళ్ళిపోయారు."

"పరుగెత్తారా?"

"పరుగే. చేతులూపుకుంటూ. ధైర్యంతో కాదమ్మా, భయంతో. విమానం ఆపారు, వెనక్కి తెచ్చారు. పదిమంది కలిసి విప్పారు. రెండు గంటలు వెతికారు."

"దొరికిందా తాతయ్యా?" అంది చినత్సు.

"దొరికింది. నా ప్యాంటు జేబులో."

అమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తాతయ్య కూడా నవ్వాడు.

"నేలలోకి కుంగిపోదామనిపించింది. అందరూ నా వంకే చూస్తున్నారు. కెప్టెన్ గారు హెల్మెట్ చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చారు. 'ఇనాగాకీ, రేపు కూడా అనుమానం వస్తే ఇలాగే ఆపు' అన్నారు. అంతే. తిట్టలేదు." తాతయ్య ఒక గ్యోజా సాస్‌లో ముంచాడు. "అవునూ, గోడ మీది కాగితం తీసి విమానంతో పాటు పెట్టెలో పెట్టు అమ్మడూ. సంతకం పెట్టాకే ఆయన విమానం తీసుకునేవారు."

చినత్సు ముందున్న గ్యోజాలు చల్లారిపోతున్నాయి.

తాతయ్య బల్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. పని మధ్యలో ఎవరికి ఏ అనుమానం వచ్చినా "ఆగండి" అనాలి. అన్నది చిన్నపిల్లయినా సరే, అందరూ చేతులెత్తి ఆగిపోవాలి. అన్నవాళ్ళను ఎవరూ ఏమీ అనకూడదు.

చినత్సు చాప్‌స్టిక్స్ కింద పెట్టి లేచి నిలబడింది.

"ఆగండి," అంది.

తాతయ్య చేతిలోని గ్యోజా సాస్‌లో పడిపోయింది. ఆయన రెండు చేతులూ పైకెత్తాడు. ఏమీ అర్థం కాకపోయినా అమ్మ కూడా ఎత్తింది.

చినత్సు మొత్తం చెప్పింది. గుండ్లు, బుధవారం, ముద్ర, గమ్ చుక్క. రిత్సు పేరు మాత్రం చెప్పలేదు. గమ్ పూసింది తన చెయ్యే కదా.

తాతయ్య చేతులు దించాడు.

"రైలెన్నింటికి?" అన్నాడు.

"పదకొండున్నరకి."

"అయితే టైముంది. నా కళ్ళు పనికిరావు. నేను చెప్తాను, చెయ్యాల్సింది నువ్వే. పొద్దున ఆరింటికి. ఇప్పుడు తిను."

"తిను," అంది అమ్మ, చేతులు ఇంకా పైకే పెట్టుకుని. "నేను దించొచ్చా?"

*

ఆదివారం ఆరింటికి చినత్సు బల్ల ముందు ఉంది.

పీట నుంచి ముందు చక్రాన్ని కత్తి మొనతో విడదీయబోయింది. కాలు పుటుక్కున విరిగింది. ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుని, "కాలు విరిగింది తాతయ్యా," అని గట్టిగా చెప్పింది.

"విన్నాను. తర్వాత అతికిద్దాం. ముందు బరువు."

ముక్కు విప్పక్కర్లేదన్నాడు తాతయ్య. ముందు చక్రం మడుచుకునే గుంటలో చేతి డ్రిల్లుతో చిన్న చిల్లు చేయమన్నాడు. సాస్ గిన్నెలోని గుండ్లు ఆ చిల్లులో పట్టవు. తాతయ్య చేపల పెట్టెలోంచి మిరియపు గింజంత గుండ్లు తెచ్చాడు. చినత్సు ఒక్కొక్కటీ గమ్‌లో ముంచి, పట్టకారుతో చిల్లులోకి తోసింది. జారి కింద పడితే "పడింది" అనాలి. అంది, వెతికి తీసింది. మళ్ళీ తోసింది.

ఎనిమిదిన్నరకు రిత్సు వచ్చాడు.

"అంటించావుగా? మళ్ళీ ఈ పిచ్చి పనేంటి?"

"బరువు వేస్తున్నా."

"ఎవరికీ తెలిసేది కాదే."

"నాకు తెలుసు. ముద్ర నాది. ఆ విసనకర్ర తీసుకుని కాలు దగ్గర విసురు. గమ్ ఆరాలి."

రిత్సు గొణుక్కుంటూనే విసిరాడు. అరగంట విసిరాడు. విరిగిన కాలును అతను రాకముందే, లోపల సన్నటి ఇత్తడి తీగ పెట్టి, అతికించింది చినత్సు. అతుకు దగ్గర చిన్న బుడిపె మిగిలింది. రంగు వేస్తే ఆరే టైము లేదు. అలాగే వదిలేసింది.

తాతయ్య చెప్పినట్టు నిలబెట్టి చూసింది. ముక్కు లేచింది. చిల్లులోకి ఇంకో గుండు తోసింది. లేచింది. ఇంకోటి. పద్దెనిమిదో గుండు వేశాక ముక్కు కాస్త తటపటాయించి, కిందికి దిగి, నిలబడిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రిత్సు విసనకర్ర ఆపేసి, "ఊఁ," అన్నాడు.

చినత్సు గోడ మీది కాగితం తీసింది. ఆరో గీత చివర తన ముద్ర మీద స్కేలు పెట్టి రెండు గీతలు కొట్టింది. పెద్దవాళ్ళు ఆఫీసు కాగితంలో తప్పు దిద్దేటప్పుడు అలాగే చేస్తారు. ఆ గీతల మీద మళ్ళీ ముద్ర వేసింది. కింద రాసింది: "బరువు వేయకుండా వేశానని ముద్ర వేశాను. ఆదివారం ఉదయం వేశాను, పద్దెనిమిది గుండ్లు. ముందు కాలు విరిగింది. అతికించాను. అతుకు కనిపిస్తుంది."

*

ప్లాట్‌ఫామ్ మీద హిరాబయాషి గారు ఒక్క సూట్‌కేసుతో నిలబడి ఉన్నారు. అంత పెద్ద జీవితం అంత చిన్న పెట్టెలో ఎలా పట్టిందో అనుకుంది చినత్సు. తాతయ్య వంగి నమస్కరించాడు. ఆయనా వంగారు. ఇద్దరిలో ఎవరూ ముందు నడుం ఎత్తలేదు.

హిరాబయాషి గారు బెంచీ మీద కూర్చుని, చినత్సు అందించిన పెట్టె తెరిచారు. విమానం కంటే ముందు కాగితం తీశారు. పై నుంచి కింది దాకా, ఒక్కో గీతా వేలు పెట్టి చదివారు. ఆరో గీత దగ్గర వేలు ఆగింది. చినత్సు తన బూట్ల వంక చూసుకుంది.

"ఈ విమానానికి మెకానిక్ ఎవరు?" అన్నారాయన.

"నేనండీ."

ఆయన సేబర్‌ను పైకి తీసి బెంచీ మీద నిలబెట్టారు. చెయ్యి తీశారు. అది నిలబడింది. రైలొస్తోందని మైకులో చెప్పారు. బెంచీ సన్నగా అదిరింది. అయినా నిలబడే ఉంది.

జేబులోంచి పెన్ను తీసి, చినత్సు రాసిన మాటల కిందే సంతకం పెట్టారు.

"విమానం ఎప్పుడూ మెకానిక్‌దేనమ్మా," అన్నారు. "నడిపేవాడు అడిగి తీసుకెళ్తాడు. తీసుకెళ్ళనా?"

"తీసుకెళ్ళండి," అంది చినత్సు. "ముందు కాలు జాగ్రత్తండీ."

రైలు కదిలింది. కిటికీ అవతల హిరాబయాషి గారు చెయ్యి నుదుటికి ఆనించారు. తాతయ్యా ఆనించాడు. చినత్సు కూడా. చివరి పెట్టె మలుపు తిరిగాక కూడా తాతయ్య చెయ్యి దించలేదు. ఆయన దించేదాకా చినత్సూ దించలేదు.

"పంపిన విమానం తిరిగొచ్చేదాకా మాకు అన్నం సహించేది కాదు," అన్నాడు తాతయ్య మెట్లు దిగుతూ. "ఇది తిరిగి రాదు. అందుకని అన్నం మానేస్తామా? పద, ఆకలేస్తోంది."

తర్వాతి శనివారం బల్ల మీద కొత్త కిట్టు తెరుచుకుని ఉంది. గోడకు కొత్త కాగితం. పక్కగదిలోంచి తాతయ్య అడిగాడు.

"ముక్కులో బరువు వేశావా అమ్మడూ?"

ముద్ర ఎత్తిన చినత్సు చెయ్యి గాల్లోనే ఆగింది.

"ఉండు తాతయ్యా," అంది, "చూసి చెప్తాను."