రాహుకాలం తెలియని ఎంజైము

రమాకాంత్‌కు ఎన్నో ఏళ్ళుగా ఒక సందేహం. దేవుడి ముందు దీపం పెట్టి కళ్ళు మూసుకున్నా అప్పుడప్పుడు అదే అడ్డం వచ్చేది.

ఇంటర్ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ నాడు ల్యాబ్‌లో ఫిల్టర్ పేపర్లు అయిపోయాయి. ప్రశాంతి అనే అమ్మాయి దగ్గర ఒక్కటి మిగిలింది. సగం క్లాసు ఆమె చుట్టూ మూగింది. ఆమె మాత్రం అందరినీ తప్పించుకొని వచ్చి, మూలన నిలబడ్డ రమాకాంత్ చేతిలో పెట్టింది. ఎందుకు?

"మల్ల ఇస్త" అన్నాడు. ఇవ్వనే లేదు. పరీక్షలు కాగానే ఆమె పై చదువులకు హైదరాబాద్ వెళ్ళిపోయింది.

ఆ ప్రశాంతే ఇప్పుడు ఆటో దిగి, చేతిలో తెల్ల డబ్బాతో, వానలో రమాకాంత్ వాళ్ళ కాగితం షెడ్డు ముందు నిలబడింది. ఎంజైములు తయారుచేసే కంపెనీ నుంచి ట్రయల్ చేయడానికి వచ్చిందట.

"ఓనర్ గారు ఉన్నరా?"

"బాపు ఓనరు. నేను... నేను ఉన్న."

"ఉన్నరని కనిపిస్తనే ఉంది సార్. జర పక్కకు జరుగున్రి, తడుస్తున్న."

సార్! గుర్తుపట్టలేదన్నమాట. పాత సందేహం పక్కన కొత్త దిగులు వచ్చి కూర్చుంది.

సిద్దిపేట నుంచి బెజ్జంకి వైపు పోయే దారిలో ఉంది ఆ షెడ్డు. జామాయిల్ కర్ర గుజ్జు తెప్పించి, పెళ్ళికార్డులకూ చేతిసంచులకూ కాగితం చేస్తారు. గుజ్జులోని నారను బీటరు యంత్రం గంటల తరబడి దంచితే గానీ కాగితం గట్టిపడదు. కరెంటు బిల్లు చూసి చూసి, రమాకాంత్ బాపు అని పిలిచే తండ్రి రాంచందర్ విసిగిపోయాడు.

"గీ ట్రయల్ ఫెయిలైతే షెడ్డును ఎరువుల గోదాముకు కిరాయికిస్త. ఇగ నన్ను అడగొద్దు" అన్నాడు. తడి గుజ్జు వాసన లేని తెల్లవారుజామును రమాకాంత్ ఊహించుకోలేడు.

మర్నాడు శుక్రవారం. నాయనమ్మ బాలవ్వ బీటరుకు బొట్టు పెడుతూ డబ్బాలోకి తొంగిచూసింది.

"గిదేంది బిడ్డా?"

"ఎంజైము అవ్వా. మటన్ మెత్తగ కానీకి పచ్చి బొప్పాయి ముక్క ఏస్తరు సూడు, గట్ల. నార పైపొరను కొంచెం తింటది. ఇగ బీటరు తక్కువ దంచినా సాలు."

"ఎక్కువ తింటెనో?"

"అందుకే గంటకు ఆపాలె. ఆవిరి ఇడిచి తొట్టి మసలబెడితే దాని పని ఖతం."

పది గంటలకు తొట్టిలో ఎంజైము కలిపి, పార్సిల్ తెచ్చుకోవడానికి ఆమె బస్టాండుకు బయలుదేరింది.

"సార్, పదకొండుకు ఆవిరి వాల్వు తిప్పున్రి. మాటంటే మాటేనా?"

"మాటే" అన్నాడు. ఆమె ఎందుకో పెదవి బిగించి నవ్వు ఆపుకుంది.

పదకొండైంది. వాల్వు మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్! పదిన్నర నుంచి పన్నెండు దాక రాహుకాలం!" బాలవ్వ కేక.

ఆ షెడ్డులో రాహుకాలంలో చాయ్ కూడా పొయ్యి మీదికి ఎక్కదు.

"నాయినమ్మా, గది ఆగదే!"

"దేవుని కంటె పెద్దదా గది?"

ప్రశాంతికి ఫోను చేశాడు. ఆమె బ్యాగు బల్ల మీదే ఉంది. ఫోను అందులోంచి మోగింది.

పన్నెండింటికి తడిసి ముద్దై వచ్చిన ప్రశాంతి తొట్టి మీద పొగలు లేకపోవడం చూసి చెయ్యి ముంచింది. గోరువెచ్చగానే ఉంది.

"ఆవిరి ఇడువలేదా?"

"రాహుకాలమని..."

"ఎంజైముకు రాహుకాలం తెల్వదు రమాకాంత్!"

తను ఆమెకు పేరు చెప్పనే లేదు! రమాకాంత్ ముఖం వెలిగిపోయింది.

"నా ట్రయల్ మునిగితే నవ్వుతున్నవా?"

"లే... లేదు మేడం."

ఆ గుజ్జుతో చేసిన కాగితంలో నీళ్ళు గబగబా దిగిపోయాయి గానీ బలం రాలేదు. ఆ కాగితంతో అతికించిన సంచిలో బాపు బెల్లం ముద్ద వేయగానే అడుగు ఊడిపోయింది. ఆయన ఒక్క మాటే అన్నాడు: "గోదామే."

ప్రశాంతి బ్యాగులోంచి మరో డబ్బా తీసింది.

"ఇంకొక్కటి ఉంది. ఆఖరిది. వేరే మిల్లుకు ఇయ్యాల్సింది. ఈడనే ఏద్దాం."

ఆఖరిది మళ్ళీ తనకే. రమాకాంత్ తల దించుకున్నాడు.

శనివారం పొద్దున పూజ ముగించి బాలవ్వ చాలాసేపు దేవుడి పటాన్నే చూస్తూ కూర్చుంది. తర్వాత నేరుగా షెడ్డుకు వచ్చింది.

"రాహుకాలంల పని మొదలుపెట్టొద్దన్నరు. ఆపొద్దని ఎవ్వలన్న అన్నరా?"

బాలవ్వ కొంగు నడుముకు దోపుకుంది.

"అన్లే. నేనే ఆగం జేసిన."

ఎనిమిదిన్నరకు ఎంజైము వేశారు. తొమ్మిదిన్నరకు, శనివారపు రాహుకాలం నడుమ, దండం పెట్టుకొని బాలవ్వే వాల్వు తిప్పింది.

బీటరు సగం సేపే తిరిగింది. సాయంత్రానికి ఆరిన కాగితంతో సంచి అతికించి బాపు బెల్లం వేశాడు, ఊపాడు, మేకుకు వేలాడదీశాడు. అది కదల్లేదు.

"గోదామోనికి వేరే జాగ సూసుకొమ్మని చెప్పుర్రి" అన్నాడు.

ప్రశాంతి బ్యాగు సర్దుకుంది. హైదరాబాద్ బస్సుకు ఇంకా కొంచెం సమయం ఉంది. రమాకాంత్ పరుగున వచ్చి ఒక గుండ్రటి కాగితం చాపాడు. నిన్న చెడిపోయిన కాగితాన్నే గిన్నె మూత పెట్టి కత్తిరించాడు.

"ఏంది గిది?"

"ఫిల్టర్ పేపర్. నీకు బాకీ."

"అబ్బ, యాదికొచ్చిందా సార్‌కు! నిన్న 'మాటే' అన్నప్పుడే అడుగుదామనుకున్న."

"మరి సార్ సార్ అని ఎందుకు సతాయించినవ్?"

"నువ్వు గుర్తువట్టనట్టే ఉంటివి. నాకు కోపం రాదా?"

అతను కాగితం ఆమె చేతిలో పెట్టాడు. "ఆనాడు అందరు అడిగిన్రు. నాకే ఎందుకిచ్చినవ్?"

"నువ్వొక్కనివే అడగలేదు. చినిగిన పేపర్ పట్టుకొని గోడకు ఆనుకొని నిలవడ్డవ్. గట్ల సూస్తుంటె..." ఆమె వాన వైపు తిరిగింది. "ఇయ్యాల గూడ అడగవా?"

అతను ఆకాశం చూశాడు, నేల చూశాడు. అరుగు మీది నుంచి బాలవ్వ అంది: "అడుగురా. రాహుకాలం ఎప్పుడో పోయింది."

"మా ఇంటికి... నువ్వు... ఎప్పటికి ఉండిపోతవా?"

ప్రశాంతి ఆ కాగితాన్ని ల్యాబ్‌లోలాగే మడతపెట్టి గరాటు చేసింది, చాయ్ గ్లాసు మీద నిలిపింది. చూరు కింద దోసిలి పట్టి, వాననీళ్ళు అందులో పోసింది. కాగితం చిరగలేదు. చుక్క చుక్కగా తేటనీళ్ళు గ్లాసులోకి దిగాయి.

"మా అమ్మానాయిన దౌల్తాబాద్‌ల ఉంటరు. మంచి గడియ సూసుకొని మీవాళ్ళను తోలుకరా" అని గ్లాసు అతని చేతిలో పెట్టింది. "బాకీ చెల్లు."