అయిదో కంప్యూటర్లో పట్టుచీర అంచు

"ఒరే జహీరల్లుడా! నీ అంగట్లో ఎవరో మగ్గం నేస్తాండారురా!"

సైకిల్ షాపు పుల్లయ్య వేసిన కేక సందు ఈ కొస నుంచి ఆ కొస దాకా వినపడింది. కానీ హిందూపురం మసీదు సందులో మధ్యాహ్నం మూడింటప్పుడు ఎవరు కేకేస్తే ఎవరు పలుకుతారు? రంజాన్ నెల. పైగా కరెంటు కోత. కుక్కలు కూడా తల ఎత్తలేదు. ఇంటికి పోతున్న జహీర్ ఒక్కడే ఆగాడు. ఆగడానికి కూడా ఓపిక లేదు పాపం. తెల్లారకముందు తిన్న రెండు రొట్టెలు ఎప్పుడో అరిగిపోయాయి, నోరు పిడచకట్టుకుపోయింది.

"మగ్గమేంది మామా? ఇప్పుడే షట్టరు దించి తాళమేసి వస్తాండా. లోపల కంప్యూటర్లు తప్ప ఏముండాయి?"

"ధర్మవరంలో పిల్లనిచ్చి చేసినారప్పా నాకు. మగ్గం చప్పుడు నాకు తెలీదా? టక్కు... టక్కు... వచ్చి నువ్వే విను."

జహీర్ అంగడి అంటే ఆటల అంగడి. అయిదు కంప్యూటర్లు, అయిదు ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు ఒక ఫ్యాను. బడి విడిస్తే పిల్లోళ్ళు వచ్చి గంట లెక్కన ఆడుకునేవాళ్ళు. అలా నాలుగేళ్ళు బాగానే సాగింది. 2005లో ఒక కొత్త ఆట వచ్చింది. అది జహీర్ పాత కంప్యూటర్లలో తెరుచుకోనే లేదు. మెయిన్ రోడ్డులో కొత్తగా పెట్టిన సెంటర్లో మాత్రం గుర్రంలాగా పరుగెత్తుతోంది. పిల్లోళ్ళంతా అటే. దసరా సెలవుల్లో కూడా ఎవరూ రాకపోతే షట్టరు దించేసి, బెంగళూరుకు పోయి ఎవరి గోడౌన్లోనో మూటలు మోయాల్సిందే. ఇంటావిడ షబీనాకు ఆ మాట చెప్పేశాడు కూడా.

ఒక్క కంప్యూటర్లో ఆ ఆట నడిచినా చాలు. దానికి గ్రాఫిక్స్ కార్డు మార్చాలి. బెంగళూరు అంగళ్ళలో కనుక్కుంటే రెండు దారులు చెప్పారు. కొత్తది, చిన్నది పెడితే ఆట తెరుచుకుంటుంది గానీ, అందులో పరుగెత్తే మనిషి కుంటుకుంటూ పోతాడు. కొత్తది, పెద్దది పెడితే లోపలున్న పాత పవర్ డబ్బా దానికి చాలదు, అదీ మార్చాలి. అంత శక్తి జహీర్‌కు లేదు. అప్పుడు పుల్లయ్య భార్య తరఫు వాళ్ళు మూడో దారి చూపించారు. ధర్మవరంలో తిప్పేస్వామి అని, కంప్యూటర్లో పట్టుచీరల డిజైన్లు గీసే ఆయన, మొన్న వేసవిలో పోయాడు. ఆయన కంప్యూటర్లో కార్డు పెద్దదే, పవర్ కూడా తక్కువే తింటుంది.

మంగళవారం పోయాడు జహీర్. తిప్పేస్వామి భార్య నీలావతి మంచినీళ్ళు ఇవ్వబోయి, రోజా ఉపవాసమని తెలిసి చెంబు లోపల పెట్టేసింది. ఇంట్లో ఒక మూల మగ్గం, ఒక మూల కంప్యూటర్.

"ఇప్పుకో తమ్ముడా. కానీ ఒక్క మాట. మా ఇంట్లో చీర సగంలో ఉంటే మగ్గం కదిలించం. మనిషి పోయినా సరే, ఇంకొకరు కూచోని ఆ చీర ముగించి, కోసినంకనే మగ్గం ఇప్పేది. ఆయన పోయిన రోజు ఈ కంప్యూటర్లో చీర గీస్తాండె. అంచు సగంలో ఉండాది. రెండు దినాలు ఆగితే మా మరిది వచ్చి ముగిస్తాడు."

"అక్కా, గీసిన బొమ్మలు కార్డులో ఉండవు. కరెంటు పోతే కార్డుకు ఏమీ గుర్తుండదు. బొమ్మ వేరే చోట ఉంటాది, అది నీ దగ్గరే ఉంచుకో. శుక్రవారం నుంచి సెలవులు. నేను ఆగలేను."

"నీకు తెలిసిందే చెప్తాండావు గదా. తీసుకో అయితే."

తిరుగు ప్రయాణంలో పెనుకొండ బస్టాండులో ఒక అవ్వ ఎక్కి పక్కన కూర్చుంది. జహీర్ ఒళ్ళో టవల్లో చుట్టిన కార్డు. "పట్టు తీసుకపోతాండావా నాయనా? గంజి వాసన వస్తాండాది," అంది. జహీర్‌కు జవాబు చెప్పే ఓపిక లేక కళ్ళు మూసుకున్నాడు.

బుధవారం అయిదో కంప్యూటర్లో కార్డు బిగించాడు. ఆట పరుగెత్తింది! చూడ్డానికి వచ్చిన నలుగురు పిల్లోళ్ళు ఈలలు వేశారు. ఆటలోని కోటగోడ అడుగున ఒక ఎర్రటి గీత, గీతలో ఏవో పక్షులు. "కొత్త లెవల్ అన్నా," అన్నారు వాళ్ళు. జహీర్ కూడా అలాగే అనుకున్నాడు.

ఇదుగో, ఇది గురువారం. కరెంటు లేదు. పుల్లయ్య, జహీర్ షట్టరు ముందు నిలబడ్డారు.

టక్కు... టక్కు...

షట్టరు ఎత్తారు. లోపల చీకటి. ముందుగా వాసన తగిలింది. గంజి వాసన. ఆకలి మీద ఉన్నాడు కదా, ఇంట్లో అమ్మ కాస్తున్న ఇఫ్తారు గంజి ఇక్కడిదాకా వచ్చిందేమో అనుకున్నాడు. కాదు. ఇది పులిసిన వాసన. తడిసిన పట్టు పోగుల వాసన.

నాలుగు కంప్యూటర్లు నల్లగా ఉన్నాయి. అయిదోది వెలుగుతోంది.

తెర నిండా గళ్ళు. కింద ఎర్రటి అంచు, అంచులో వరసగా హంసలు. ఒక్కో గడీ దానంతటదే నిండుతోంది. గడి నిండినప్పుడల్లా లోపలి చిన్న ఫ్యాను ఆగి, మళ్ళీ తిరుగుతోంది. టక్కు. బల్ల మీద మౌసు జానెడు ఇటు... జానెడు అటు...

జహీర్ వంగి ప్లగ్గు పీకాడు.

టక్కు.

వెనక వైరు మొత్తం ఊడదీశాడు.

టక్కు.

"మామా... వైరు నా చేతిలోనే ఉండాది..."

"చూస్తాండా... మాట్లాడొద్దు..."

మౌసు ఆగింది. చివరి హంసకు ముక్కు లేదు. అక్కడ ఒక గడి మినుకు మినుకుమంటోంది. ఎదురుచూస్తున్నట్టు. కుర్చీ కిర్రుమంది... ఎవరో లేచి చోటిచ్చినట్టు.

పరుగెత్తి ఉండొచ్చు. కానీ భయపడ్డానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి కదా. జహీర్ కూర్చున్నాడు. కుర్చీ వెచ్చగా ఉంది. మౌసు మీద చెయ్యి పెట్టాడు. చెవి దగ్గర ఊపిరి...

"ఎడమకు... రెండు గళ్ళు..."

పెట్టాడు. ఆ పైన ఒకటి. ఆ పక్కన ఒకటి. ముక్కు పూర్తయింది. తెర ఆరిపోయింది. ఆ వెంటనే కరెంటు వచ్చి గోడ ఫ్యాను తిరిగింది.

పుల్లయ్య అప్పుడు ఊపిరి వదిలాడు. "పీకేయప్పా ఆ కార్డును. ఇప్పుడే పీకేయ్."

"పీకితే రేపు పిల్లోళ్ళకు ఏం చూపించేది మామా? ఆయప్ప అంచు ముగిసింది. మగ్గం ఇప్పినట్టే లెక్క. ఉండనీ."

పుల్లయ్యను ఒంటరిగా పంపలేక ఇంటికి పిలుచుకొచ్చాడు. పొద్దు వాలింది. ఉపవాసం విడిచే సైరన్‌కు ఇంకా రెండు నిమిషాలున్నాయి. జహీర్ ధర్మవరానికి ఫోన్ కలిపాడు.

"నీలావతక్కా, అంచు ముగించేసినా."

అటు నుంచి నీలావతి మెల్లగా, "ఏ పక్కది తమ్ముడా? చీరకు అంచులు రెండు గదా," అంది.

మసీదు సైరన్ మోగింది. జహీర్ ఫోన్ పెట్టేశాడు.

షబీనా పొద్దున సంతలో కొన్న తెల్లగుడ్డ కింద పరిచింది. ఖర్జూరాలు పెట్టింది. గంజి గిన్నెలు పెట్టింది. పుల్లయ్యకు పెద్ద గిన్నె. అందరూ చుట్టూ కూర్చున్నారు. జహీర్ తల్లి ఖైరున్‌బీ ఖర్జూరం నోట్లో పెట్టుకోబోతూ గుడ్డ కొసను వేళ్ళతో తడిమింది.

"తెల్లగుడ్డ తెమ్మంటే అంచుగుడ్డ తెచ్చినావేమే షబీనా? హంసలు ఎంత ముద్దుగా ఉండాయో!"

"అంచేంది అత్తా? తెల్లదే తెచ్చినా..."

పుల్లయ్య చేతిలో గిన్నె ఆగింది. ఎర్రటి అంచు గుడ్డ చుట్టూ తిరిగి వచ్చి, సరిగ్గా జహీర్ గిన్నె ముందు ఆగిపోయి ఉంది. ఆఖరి హంసకు ముక్కు లేదు.

జహీర్ చాలాసేపు దాన్నే చూశాడు. పొద్దుటి నుంచీ పచ్చి నీళ్ళు కూడా ముట్టని మనిషి. గిన్నె ఎత్తి, రెండు గళ్ళంత ఎడమకు జరిపి, ఆ ముక్కు లేని చోటు మీద పెట్టుకున్నాడు.

"తినండి," అన్నాడు. "చల్లారిపోతాది."