తూకానికి దొరకని తప్పు

“ఆపగలిగితే ఆపు. లేకుంటే గురి తప్పియ్యి. అసైన్‌మెంట్ అంతే,” అని కొండల్ రావు ఫోన్ పెట్టేశాడు. బ్యూరోలో బాస్ అన్నాక చెప్పడం వరకే కదా పని! చావొచ్చేది చేసేవాడికి.

చేసేవాడు ఏజెంట్ లోకేష్. 2009 అక్టోబర్‌లో, అమెరికాలోని బెంటన్‌విల్‌లో, అతని వేషం ఎఫ్-1 వీసా మీద ఎంఎస్ చదివే మెకానికల్ స్టూడెంట్. జెట్ ఇంజిన్ లోహాల ఫార్ములాలు దొంగిలించే ఒక విదేశీ ముఠాలో అతని పని తూటాలు నింపడం. కాల్చేసిన ఇత్తడి షెల్‌ని శుభ్రం చేసి, కొత్త మందు కొలిచి పోసి, కొత్త బుల్లెట్ బిగించాలి. దాన్నే హ్యాండ్‌లోడింగ్ అంటారు. ఫ్యాక్టరీ తూటా కన్నా చేత్తో నింపిన తూటా నిక్కచ్చిగా పోతుందని దూరం నుంచి కాల్చేవాళ్ల నమ్మకం.

ఆ తూటాలు ఎవరి కోసమో లోకేష్‌కి తెలుసు. ధర్మారావు గారని రిటైర్డ్ మెటలర్జిస్ట్, కూతురి దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చాడు. ముఠా నాయకుణ్ణి చూసి గుర్తుపట్టగల సాక్షి ఆయనొక్కడే. సోమవారం కోర్టు. బ్యూరో ఇద్దరు గార్డుల్ని పెట్టింది గానీ, పొద్దున్నే చెరువు చుట్టూ వాకింగ్ మానమంటే ఆయన వింటేనా! షుగర్ పెరిగితే మీరొచ్చి తగ్గిస్తారా అని ఎదురడిగాడట.

కాల్చేది విజయశ్రీ. ఆమె గదిలోకి వస్తే మాట్లాడేవాళ్లు మాట మరిచిపోతారు. మూడేళ్లు బ్యూరో జీతం తింటూ రహస్యాలు ముఠాకి చేరవేసిన డబుల్ ఏజెంట్. లోకేష్ బ్యూరోలో చేరకముందే ఆమె గుట్టు బయటపడింది కాబట్టి సరిపోయింది, లేకపోతే అతణ్ణి ఇట్టే పసిగట్టేది. ఆమె నమ్మేది ఒక్క తూకాన్నే. ప్రతి షెల్‌నీ డిజిటల్ స్కేల్ మీద పెట్టి చూసేది. వెంట్రుకవాసి తేడా ఉన్నా అది చెత్తబుట్టలోకే.

లోకేష్‌కి సందు దొరికింది అక్కడే. వాళ్ల తాత ప్రొద్దుటూరులో నగలు చేసేవాడు. తక్కెడ బరువు చెప్తుందిరా, లోపలేముందో చెప్పదు అనేవాడు. షెల్ గోడ కాస్త మందంగా ఉంటే లోపల చోటు తగ్గుతుంది. అదే మందుకి ఒత్తిడి పెరిగి బుల్లెట్ వేగం పుంజుకుంటుంది, దూరాన పైకి పోతుంది. పది షెల్స్‌లో ఆరు మందపాటివి పెట్టి, వాటి అడుగు అంచుని ఆకురాయితో సన్నగా అరగదీసి, తూకం సరిపెట్టాడు. పదీ చెడగొట్టలేదు. అన్నీ ఒకేలా తప్పితే ఆమె మొదటి దెబ్బకే దిద్దుకుంటుంది మరి.

శుక్రవారం ఆమె పెట్టె తీసి, చేతికొచ్చిన అయిదింటిని నూరు గజాల రేంజ్‌లో కాల్చి చూసింది. అయిదూ దాదాపు ఒకే కన్నంలోంచి పోయాయి. నూరు గజాల్లో కనపడని ఆ తేడా ఎనిమిది వందల గజాల్లో మూరెడవుతుంది. ఇప్పుడు పెట్టెలో మిగిలిన అయిదింట్లో మంచివెన్నో లోకేష్‌కీ తెలియదు. ముందుగా మంచిదే ఆమె చేతికొస్తే పెద్దాయన పని అయిపోయినట్టే.

చివరి ఆశ చేతి గడియారం. కాల్చే చోటు తెలియగానే దాని బటన్ రెండుసార్లు నొక్కితే ‘పులుసు మాడింది’, అంటే వెంటనే రండి, అన్న కోడ్ బ్యూరోకి చేరుతుంది. శనివారం పొద్దున్నే శ్యామ్‌సుందర్ అనే ముఠా మనిషి ఆ గడియారమూ ఫోనూ లాక్కుని, సగం కట్టిన ఆఫీస్ బిల్డింగ్ మూడో అంతస్తులో లోకేష్ ఎడమచేతిని పైపుకి బేడీ వేశాడు. మెడ మీద పిస్టల్ ఆనించాడు. తూటా నింపినవాడు పక్కనే ఉండాలట, అది మేడమ్ రూలట. కుడిచేతికి బైనాక్యులర్స్ ఇచ్చి చూడమన్నారు.

చెరువు అవతల, పిట్టగోడ వెనక బెంచీ మీద, ధర్మారావు కళ్లజోడు తుడుచుకుంటున్నాడు. అరిస్తే అంతదూరం వినపడదు. కదిలితే మెడ దగ్గర పిస్టల్. ఇంత ట్రైనింగ్ పొంది చివరికి చూస్తూ కూర్చోవడమేనా అని లోకేష్‌కి ఏడుపొచ్చింది.

రైఫిల్ పేలింది. ధర్మారావు తలకి కాస్త పైన, వెనకున్న పొట్టి దీపస్తంభం అద్దం పగిలింది. పెద్దాయన బిత్తరపోయి అక్కడే కూర్చుండిపోయాడు. లేవవయ్యా, లెయ్ అని లోకేష్ మనసులో మొత్తుకుంటున్నాడు. గార్డులు పరుగెత్తుతున్నారు, ఇంకా దూరంలోనే ఉన్నారు.

“మూరెడు ఎక్కువ పోయింది. అడ్జస్ట్ చేస్తాను,” అంది విజయశ్రీ, రైఫిల్ మీది స్కోప్ మర తిప్పుతూ.

లోకేష్ లెక్క వేసుకున్నాడు. రెండో తూటా కూడా మందపాటి షెల్‌దే అయితే, ఆమె దిద్దిన గురికి సూటిగా గుండెల్లోకి. కళ్లు మూసుకుందామనుకున్నాడు గానీ రెప్ప పడలేదు.

రెండోది పేలింది. ఈసారిది మంచి తూటా, దిద్దిన గురికి మూరెడు కిందికి పోయి పిట్టగోడ రాయిని పెచ్చులుగా ఎగరగొట్టింది. మరుక్షణం ఒక గార్డు ఎగిరి పెద్దాయన మీద పడ్డాడు. గోడ వెనక ఇక ఎవరూ కనపడలేదు. గార్డులు ముందే పిలిచినట్టున్నారు, కింద రోడ్డు మీద పోలీసు సైరన్లు మోగాయి. శ్యామ్‌సుందర్ పిస్టల్ పారేసి మెట్ల వైపు లంకించుకున్నాడు.

విజయశ్రీ మాత్రం పారిపోలేదు. రాలిన రెండు షెల్స్ తీసి, అడుగు అంచుల మీద గోరు పోనిచ్చి చూసింది. ఒకటి సన్నగా అరిగి ఉంది.

“వెయిట్ కరెక్ట్‌గానే ఉందిగా?”

“ఉంది మేడమ్.”

“నీళ్లు పోసి లోపలి చోటు కొలవాల్సింది,” అంది, పరీక్షలో ఒక్క మార్కు పోయిన అమ్మాయిలా.

పోలీసులు పైకొచ్చి ఆమెకీ, అతని రెండో చేతికీ కూడా బేడీలు వేశారు. బ్యూరో మనిషినన్నా ఒక్కడూ నమ్మలేదు. గంట తర్వాత కొండల్ రావు ఫోన్ చేసి విడిపించాడు. లోకేష్ మొదట అడిగింది ధర్మారావు గారు ఎలా ఉన్నారనే.

“పానానికేం ఢోకా లేదు. గార్డు మీద పడ్డప్పుడు మోకాలు బెణికిందంట. విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్లేమో అది ప్రీ-ఎగ్జిస్టింగ్, ముందుగాల్నే ఉన్న నొప్పి అంటున్నరు. జర నువ్వు మాట్లాడి చూస్తవా?”

ఆ ఇన్సూరెన్స్ ముఠాతో తలపడే శిక్షణ బ్యూరో ఎవరికీ ఇవ్వలేదు.