కింద కూర్చున్నదెవరు?

పరిగెడుతున్నాడు.

ముందు బావ. వెనక తను. చేతిలో పరుపులు కుట్టే దబ్బనం.

పొద్దు గూకుతోంది. సందు చివర గోడ. బావ ఆగక తప్పలేదు...

"ఆ రాత్రి కింద కూర్చుంది నువ్వేనా?"

"ముందు అది దించవోయ్! దబ్బనంతో వెంటపడితే ఎవడు నిలబడి మాట్లాడతాడు?"

నాన్నను చంపిన ఇనుప రాడ్డు తమ పరుపుల కొట్లోనే దొరికింది. ఓ పరుపులో, దూది మధ్య. పెట్టి మళ్లీ కుట్టేశారు. అన్న లొంగిపోయాడు. నేనొక్కణ్ణే అన్నాడు.

పోలీసులు నమ్మారు. కోర్టు ఉరిశిక్ష వేసింది. తను నమ్మలేదు.

చట్రం మీద పరిచిన పరుపును ఇద్దరు కుట్టాలి. పైవాడు దబ్బనం దించుతాడు. కిందవాడు తిప్పి పంపుతాడు. ఒక్కడే చేస్తే కుట్టు వంకర పోతుంది. ఆ పరుపు మీద కుట్టు గీత గీసినట్టుంది.

అన్న ఎప్పుడూ పైనే. మరి కింద ఎవరు?

ఆ మనిషి దొరికితే నేరం అన్న ఒక్కడిదే కాదని తేలి, రేపటి అప్పీల్లో అన్నకు ఉరి తప్పుతుంది. తప్పాలి.

"పట్టుకో" అని దబ్బనం బావ చేతిలో పెడతాడు.

బావ పెన్ను పట్టినట్టు పడతాడు. వెంటనే వేలికి గుచ్చుకుంటుంది.

"చొక్కా బొత్తం ఊడితే మీ అక్క ముందు చేతులు కట్టుకు నిలబడేవాణ్ణిరా నేను. నన్నా అనుమానించేది?"

ఈయన కాదు...

"ఇంటికి పో. అత్తయ్య ఒక్కర్తే ఉంటుంది."

ఇంటి ముందు కొట్లో ఒకటే లైటు. నాన్న స్టూలు ఖాళీ. అన్న చొక్కా ఇంకా మేకుకే ఉంది. సగం కుట్టిన పరుపు దగ్గర అమ్మ.

"తిన్నావా?"

"లేదు."

"ఈ వరస అవ్వనీ. నువ్వు కిందికెళ్లు. పైన నేను కుడతా."

"నువ్వా?"

నాన్న ఉండగా అమ్మను పైన కూర్చోనివ్వలేదు. నీ చెయ్యి వంకర అనేవాడు. ఆ చెయ్యి విరగ్గొట్టింది ఆయనే.

చట్రం కిందికి దూరతాడు. చీకటి. దూది వాసన.

దబ్బనం దిగుతుంది. తిప్పి పంపుతాడు. మళ్లీ దిగుతుంది. మళ్లీ...

వేలితో కుట్టు తడుముతాడు.

గీత గీసినట్టుంది.



"అమ్మా... ఆ పరుపు..."

పైన అమ్మ దారం సవరించుకుంటుంది.

"తోడెవరని ఊరంతా వెతికావు. మీ నాన్నను కొట్టింది నేను. తోడు జైల్లో ఉన్నాడురా." గొంతు నెమ్మదిగా ఉంది. "నువ్విప్పుడు కూర్చున్న చోటే కూర్చున్నాడు. నోరు విప్పనని నాతో ఒట్టేయించుకున్నాడు. ఉరి వేస్తారనుకోలేదు నేను."

బయట జీపు ఆగుతుంది!

"ఎవరమ్మా?"

"నేనే స్టేషన్‌కి ఫోన్ చేశాను."

బూట్ల చప్పుడు. తలుపు మీద దబదబా బాదుతున్నారు.

దబ్బనం దిగి అతని కళ్ల ముందు ఆగుతుంది.

"ఆఖరి కుట్టు. పంపరా, నాన్నా. ముడి వేసి వెళ్లిపోతా."

తలుపు విరిగేలా ఉంది.

"పంపరా..."

చీకట్లో దబ్బనాన్ని రెండు చేతులతో బిగించి పట్టుకుంటాడు.

పంపడు.